రేసు పావురం వాలగానే గూట్లోకి వెళ్లాలంటే: తరచుగా అడిగే ప్రశ్నలు

రేసు పావురాలు పెంచేవాళ్లు వంశం గురించి, మేత గురించి, మందుల గురించి గంటల తరబడి మాట్లాడుకుంటారు. పావురం పైకప్పు మీద వాలిన తర్వాత గడిచే రెండు మూడు నిమిషాల సంగతి మాత్రం పెద్దగా పట్టించుకోరు. చేతిదాకా వచ్చిన రేసు చాలాసార్లు చేజారేది ఆ రెండు మూడు నిమిషాల్లోనే. కొత్తగా పెంపకం మొదలుపెట్టినవాళ్లు దీని గురించి అడిగే ప్రశ్నలకు ఇక్కడ జవాబులు రాస్తున్నాను.

పావురం ఇంటికి వచ్చేసింది కదా, లోపలికి కాస్త ఆలస్యంగా వెళ్తే ఏం పోతుంది?

రేసు ముగిసేది పావురం ఆకాశంలో కనబడినప్పుడు కాదు, పైకప్పు మీద వాలినప్పుడు కూడా కాదు. కాలికున్న చిప్ రింగును ప్రవేశం దగ్గరి యాంటెన్నా చదివిన క్షణానికి ముగుస్తుంది. వెనకటి పద్ధతిలో అయితే కాలి నుంచి రబ్బరు రింగు తీసి, సమయం నమోదు చేసే గడియారంలో వేసినప్పుడు. పావురాలన్నిటినీ కలిపి వదిలిన దూరపు చోటి నుంచి ఒక్కో గూటికి దూరం ఒక్కోలా ఉంటుంది కాబట్టి ముందు ఎవరి పావురం వచ్చిందని చూడరు. దూరాన్ని సమయంతో భాగించి, నిమిషానికి ఎన్ని మీటర్ల వేగంతో వచ్చిందో లెక్క కడతారు. పైకప్పు మీద కూర్చున్న సమయం కూడా ఆ లెక్కలో ఎగిరిన సమయంగానే చేరిపోతుంది.

100 కిలోమీటర్ల రేసు అనుకుందాం. నిమిషానికి 1200 మీటర్ల వేగంతో వచ్చిన పావురానికి 83 నిమిషాల 20 సెకన్లు పడుతుంది. అది 3 నిమిషాలు బయటే కూర్చుంటే లెక్కలోకి వచ్చే వేగం సుమారు 1158కి పడిపోతుంది. అదే వేగంతో ఎగిరే ఇంకో పావురం ఆ 3 నిమిషాల్లో 3.6 కిలోమీటర్లు దాటేస్తుంది. 500 కిలోమీటర్ల రేసులో అదే 3 నిమిషాలకు వేగం 1191 దగ్గర ఆగుతుంది, నష్టం తక్కువ. అందుకే దగ్గరి దూరాల రేసులు ఆడేవాళ్లు లోపలికి వెళ్లే అలవాటు మీద ఇంకా ఎక్కువ శ్రద్ధ పెట్టాలి.

మంచి జాతి పావురానికి ఇది పుట్టుకతో రాదా?

దారి వెతుక్కోవడం చాలావరకు పుట్టుకతో, వంశంతో వస్తుంది. పావురాలు సూర్యుడిని దిక్సూచిలా వాడుకుంటాయి, భూమి అయస్కాంత క్షేత్రాన్ని పసిగడతాయి, వాసనలను, తెలిసిన కొండలను, రోడ్లను గుర్తుపడతాయి. 1971లో విలియమ్ కీటన్ అనే శాస్త్రవేత్త పావురాలకు చిన్న అయస్కాంతాలు కట్టి వదిలి చూశాడు. ఎండ ఉన్న రోజున అనుభవం ఉన్న పావురాలు మామూలుగానే ఇంటి దిక్కు పట్టాయి, మబ్బు పట్టిన రోజున తికమకపడ్డాయి. ఒక దారి మూసుకుపోతే ఇంకో దారి వాడుకునేంత తెలివి వాటికుంది.

అయితే ఇదంతా ఇంటి దాకా తీసుకురావడానికే. గూటి ప్రవేశంలో లోపలికి మాత్రమే తెరుచుకునే ట్రాప్ తీగలు నెట్టుకుని, చీకటిగా ఉన్న సందులోకి దూరి, లోపలికి వెళ్లాలన్న ఆలోచన ఏ వంశంలోనూ ఉండదు. అలవాటు లేని ఇరుకు సందు అంటే పక్షికి భయం. ఆ భయం పోగొట్టి, ఆ సందునే ఇంట్లోకి దారిగా చూపించే పని పూర్తిగా మనది. చాలా ఖరీదైన జతల పిల్లలు కూడా ఈ ఒక్క అలవాటు లేక వెనకబడతాయి.

ఎంత వయసులో నేర్పడం మొదలుపెట్టాలి?

ఎగరడం రాకముందే. ఈ పేజీలో ఒక్క జవాబే గుర్తుపెట్టుకుంటానంటే ఇది గుర్తుపెట్టుకోండి.

పిల్లకు వారం వయసు దగ్గర కాలికి శాశ్వత రింగు తొడుగుతాం. 25 నుంచి 28 రోజుల మధ్య, రెక్కల కింద ఈకలు దాదాపు నిండి, తనంతట తాను గింజలు తింటున్నప్పుడు తల్లిదండ్రుల నుంచి వేరు చేస్తాం. మొదటి రెండు రోజులు అది నీళ్లు ఎక్కడున్నాయో తెలుసుకుంటే చాలు. నీటి గిన్నె కనిపెట్టలేకపోతే ముక్కును నెమ్మదిగా నీళ్లలో ముంచి చూపించండి.

మూడో రోజు నుంచి ల్యాండింగ్ బోర్డు (ప్రవేశం ముందు పావురం వాలే పలక) మీద తీగ పంజరం ఒకటి బిగించి పిల్లలను అందులోకి వదలండి. ఆ పంజరం నుంచి బయటి ప్రపంచమంతా కనబడాలి, లోపలికి మాత్రం ట్రాప్ గుండా ఒక్కటే దారి ఉండాలి. ఆకాశం, చెట్లు, పక్క ఇళ్ల కప్పులు చూస్తూ అవి కొన్ని గంటలు అక్కడే ఉంటాయి. తర్వాత లోపల మేత డబ్బా గలగలలాడించండి. మొదట్లో ట్రాప్ తీగలన్నీ పైకి కట్టేసి దారి ఖాళీగా ఉంచాలి. పిల్లలు జంకు లేకుండా లోపలికి దూకుతున్నాయని నిర్ధారించుకున్నాక ఒక తీగ దించండి. తర్వాత రెండు. తీగ రొమ్ముకు తగిలినా ఆగకుండా నెట్టుకుని వెళ్లేదాకా మిగతావి దించొద్దు. తొందరపడి ఒకేసారి అన్నీ దించితే తీగ చప్పుడుకు బెదిరిన పిల్ల ఆ జంకును చాలాకాలం మోస్తుంది.

వారం పది రోజులు రోజూ ఇలా చేస్తే, బయటికి వదలకముందే పిల్లకు ఒక సంగతి ఒంటబడుతుంది: బోర్డు మీద ఉంటే మేత లేదు, తీగలు దాటితే మేత ఉంది. తర్వాత నేర్పేదంతా దీని మీద కట్టేదే.

మొదటిసారి బయటికి వదిలేటప్పుడు ఏం చూసుకోవాలి?

గాలి లేని సాయంత్రం, మేత వేయడానికి ముందు, ఆకలి మీదున్నప్పుడు. పంజరం తీసేసి తలుపు తెరిచి మీరు పక్కకు తప్పుకోండి. పిల్లలను చేత్తో పట్టి గాల్లోకి విసరకూడదు, చప్పట్లు కొట్టకూడదు. వాటంతట అవే బోర్డు మీదికి నడిచి, కప్పు మీదికి ఎగిరి, చుట్టూ చూసుకోవాలి. అరగంట తర్వాత పిలవండి. మొదటి రోజు అన్నీ ఒక్క పిలుపుకు రావు, చీకటి పడేలోపు వస్తే చాలు. అందుకే వదిలేది చీకటికి ఒక గంటన్నర ముందైనా ఉండాలి.

ఆరు వారాలు దాటి, రెక్క బలం వచ్చాక మొదటిసారి వదిలితే ప్రమాదం ఎక్కువ. అంత వయసు పిల్ల ఏ చప్పుడుకో బెదిరి లేచిందంటే ఊరు దాటి వెళ్లిపోగలదు, తిరిగి రావడానికి చుట్టుపక్కల ఆనవాళ్లేవీ దానికి తెలియవు. వేరు చేశాక త్వరగా వదలడమే మేలు.

ఏ రకం ట్రాప్ పెట్టుకోవాలి?

వాడుకలో మూడు రకాలు ఉన్నాయి. వేలాడే తీగల ట్రాప్ పాతది, తేలికైనది. తీగలు లోపలికే తెరుచుకుంటాయి, పావురం నెట్టుకుని వస్తుంది కానీ బయటికి పోలేదు. స్పుట్నిక్ ట్రాప్ గూటి ముందుకు పెట్టెలా పొడుచుకొచ్చి ఉంటుంది. పావురం పై నుంచి సందులోకి జారి లోపలికి దిగుతుంది, పైకి ఎగరాలంటే రెక్కలు విప్పాలి, ఆ ఇరుకు సందులో అది కుదరదు కాబట్టి మళ్లీ బయటికి పోలేదు. దాని లాభం ఇంకోటుంది. పావురాలు పగలంతా అందులో కూర్చుని బయటి ఆకాశం చూసుకోవచ్చు, పరిసరాలకు అలవాటు పడతాయి. మూడోది తలుపు బార్లా తీసి పెట్టడం. అన్నిటికంటే వేగంగా లోపలికి వెళ్లేది ఇందులోనే, ఎందుకంటే అడ్డమేమీ లేదు. కాకపోతే వచ్చిన పావురం మళ్లీ బయటికి పోకుండా మనిషి కాపలా ఉండాలి.

నా మాట అడిగితే స్పుట్నిక్ చెబుతాను. అయినా రకం కంటే ముఖ్యమైనవి కొన్ని ఉన్నాయి. బోర్డు వెడల్పుగా, జారకుండా ఉండాలి. గూటి లోపల వెలుతురు ఉండాలి, ఎండలోంచి వచ్చిన పావురానికి లోపల నల్లటి చీకటి కనబడితే ఆగిపోతుంది. లోపలికి దిగిన వెంటనే అడుగు పెట్టడానికి చోటు ఉండాలి. రేసుల మధ్యలో ట్రాప్ మార్చే పని మాత్రం పెట్టుకోవద్దు.

ఆకలి మీద ఉంచాలంటారు. ఎంత ఆకలి?

ఇక్కడ రెండు వైపులా తప్పు చేయొచ్చు. కడుపు నిండిన పావురానికి పిలుపు వినబడదు, కప్పు మీద కూర్చుని ఈకలు దువ్వుకుంటుంది. అలాగని కడుపు మాడ్చిన పావురం ఇంకా ప్రమాదంలో పడుతుంది. పొలాల్లో దిగి గింజలు ఏరుకోవడం నేర్చుకుంటుంది. పురుగుమందు చల్లిన గింజలు తిని చనిపోవచ్చు, డేగకు చిక్కవచ్చు. ఒకసారి పొలం రుచి మరిగిన గుంపును మళ్లీ గూటి మేతకు తిప్పుకోవడం చాలా కష్టం. పైగా దూరం నుంచి వచ్చే పక్షికి ఒంట్లో శక్తి లేకపోతే లోపలికి వెళ్లే తొందర సంగతి అటుంచి, అసలు ఇంటికే చేరదు.

ఒక పావురం రోజుకు సుమారు 30 గ్రాముల గింజలు తింటుంది. చలిని బట్టి, ఎగిరే దూరాన్ని బట్టి అది మారుతుంది. కొలత కన్నా వాటి ప్రవర్తనే మంచి గుర్తు. మేత కొద్దికొద్దిగా వేయండి. గుంపులో రెండు మూడు పావురాలు మేత వదిలి నీళ్ల వైపు నడిచాయంటే ఆపేయండి. మేతలో బార్లీ కలుపుతుంటే ఇంకా తేలిక. పావురాలకు బార్లీ అంటే పెద్ద ఇష్టం ఉండదు, అన్నీ తిన్నాకే దాని జోలికి వెళ్తాయి. తొట్టిలో బార్లీ మిగలడం మొదలైందంటే కడుపు నిండుతోందని అర్థం. బార్లీ కూడా పూర్తిగా ఊడ్చేస్తుంటే మేత కాస్త పెంచండి.

ఎగరడానికి వదిలేది ఎప్పుడూ మేతకు ముందే. తిన్నాక వదలకూడదు. ఇది ఒక్క రోజు తప్పినా పావురాలు గుర్తుపెట్టుకుంటాయి. నీళ్లు కూడా లోపలే ఉండాలి. బయట కప్పు మీదనో, ముందు వాకిట్లోనో నీళ్ల గిన్నె ఉంటే ఎండలో వచ్చిన పావురం అక్కడే దాహం తీర్చుకుని అక్కడే కూర్చుంటుంది. స్నానపు తొట్టి సంగతీ అంతే. అది లోపలైనా పెట్టండి, లేదా ఎగిరే సమయం కాని వేళల్లో పెట్టి తీసేయండి.

పిలిచినప్పుడు వేసే మొదటి గుప్పెడు మేత వాటికి బాగా నచ్చేదై ఉండాలి. కుసుమలు, చిన్న ముక్కలు చేసిన పచ్చి వేరుశెనగ గింజలు చాలా పావురాలకు ప్రాణం. అవి లోపలికి ముందుగా వచ్చిన వాటికే దక్కాలి. ఆఖరున తాపీగా వచ్చిన దానికి మామూలు మేత మాత్రమే మిగలాలి. కొన్ని వారాల్లో ఏది ముందు దూరాలా అని పోటీ మొదలవుతుంది.

పిలుపుగా ఏం వాడాలి?

ఏదైనా ఫరవాలేదు. డబ్బాలో గింజలు గలగలలాడించడం, ఈల, నోటితో చేసే ఒకే రకం శబ్దం. ఎప్పుడూ ఒకటే ఉండాలి, ఇంట్లో ఎవరు పిలిచినా అలాగే ఉండాలి, పిలిచిన ప్రతిసారీ మేత ఉండాలి. మేత లేకుండా పిలిస్తే ఆ పిలుపు విలువ పోతుంది. పావురాలు ఇంకా ఆకాశంలో చక్కర్లు కొడుతుంటే పిలవొద్దు. వాలాలన్న ఉద్దేశంతో కిందికి దిగుతున్నప్పుడు పిలవండి.

మావి వాలాక అరగంట సేపు కప్పు మీదే కూర్చుంటున్నాయి. ఈ అలవాటు ఎలా మాన్పించాలి?

ముందుగా, రాళ్లు వేయకండి, కర్రతో అదిలించకండి. అలా చేస్తే కప్పు మీది నుంచి లేస్తాయి కానీ మిమ్మల్ని చూస్తేనే భయపడతాయి, ఆ భయంతో బోర్డు మీదికి అసలు దిగవు.

ఏ పావురం ముందు కూర్చుంటోందో కనిపెట్టండి. చాలా గూళ్లలో ఇది ఒకటి రెండు పక్షులతో మొదలై మిగతావాటికి అంటుకుంటుంది. పావురం గుంపు జీవి, పక్కది కూర్చుంటే తనూ కూర్చుంటుంది. అలాంటి ఒకటి రెండింటిని గుర్తించి లోపలే ఆపేసి, మిగతా గుంపును వదిలి చూడండి. తేడా వెంటనే తెలుస్తుంది. ఎంత మంచి వంశమైనా, ఈ తీరు మార్చుకోని పక్షిని రేసు గుంపులో ఉంచకపోవడమే మంచిదని నేను గట్టిగా నమ్ముతాను. అది తన రేసుతో పాటు తనతో కలిసి వచ్చిన పక్షుల రేసు కూడా పాడు చేస్తుంది. దాన్ని పిల్లల కోసం ఉంచుకోవచ్చు.

తర్వాత వేళలు చూసుకోండి. పగలంతా గూడు తెరిచి ఉంచి, ఇష్టమొచ్చినప్పుడు పోయి ఇష్టమొచ్చినప్పుడు రానిచ్చే చోట ఈ సమస్య తప్పదు. కప్పు వాటికి కూర్చునే చోటైపోతుంది. గూడు మూసి ఉంచి, రోజూ ఒకే వేళకు వదిలి, గంటసేపు ఎగిరాక వాలగానే పిలిచి, మేత పెట్టి మళ్లీ మూసేయాలి. అలవాటు ముదిరిపోతే గుంపు మొత్తాన్ని వారం రోజులు బయటికి వదలకుండా ఉంచి, బోర్డు మీది పంజరం నుంచి ట్రాప్ గుండా మళ్లీ మొదటి నుంచి నేర్పండి. ఆ వారం మేత తేలికగా, బార్లీ ఎక్కువగా ఉండాలి. కప్పు అంచున వాలడానికి వీలు లేకుండా తీగ లాగడం కూడా కొందరికి పనిచేసింది. పక్క ఇంటి కప్పు మీద కూర్చుంటే మాత్రం దాని వల్ల లాభం లేదు.

డ్రాపర్ల పద్ధతి కూడా ఉంది. బాగా మచ్చికైన, ఎక్కువ ఎగరని తెల్ల పావురాలను, చాలామంది విసనకర్ర తోకవి వాడతారు, బోర్డు మీద వదిలి పిలిస్తే అవి మేత కోసం గబగబా లోపలికి నడుస్తాయి. పై నుంచి చూసే రేసు పావురాలు వాటి వెంట దిగుతాయి. పిల్లల గుంపుకు ఇది చాలా బాగా పనిచేస్తుంది.

ఎగిరినంతసేపు జెండా ఊపి పైన ఉంచొచ్చా?

కొందరు పైన జెండా ఉంటే ఎగరాలి, దించితే వాలాలి అని నేర్పుతారు. నేర్పుగా చేస్తే గుంపుకు స్పష్టమైన గుర్తవుతుంది. కానీ జెండాను బెదిరింపుగా వాడితే ఇంటి కప్పంటేనే భయం పుడుతుంది. రెక్కలు బాగున్న ఆరోగ్యమైన పిల్లలు తమంతట తామే చాలాసేపు, కంటికి కనబడనంత దూరం తిరిగొస్తాయి. ఎగరడానికి బలవంతపెట్టాల్సి వస్తోందంటే నేనైతే ముందు ఆరోగ్యం, తర్వాత మేత చూసుకుంటాను.

నేను దగ్గర నిలబడితే దిగడం లేదు. తప్పు నాదేనా?

చాలావరకు చేతుల వల్ల వచ్చే తప్పు ఇది. పావురం లోపలికి రాగానే గబుక్కున పట్టేసుకోవడం, రింగు కోసం కాలు లాగడం, అక్కడికక్కడే మందు పోయడం. ఇలా రెండు మూడు సార్లు జరిగిందంటే బోర్డు మీద దిగగానే ఎదురయ్యేది చేతులేనని దానికి తెలిసిపోతుంది. బోర్డు నుంచి తినే తొట్టి దాకా ఉన్న దారిలో ఎప్పుడూ పట్టుకోకూడదు. పరీక్షించాలంటే, మందు వేయాలంటే, తిన్నాక, చీకటి పడ్డాక, తన గూటి అరలో కూర్చున్నప్పుడు నెమ్మదిగా పట్టుకోండి.

బట్టల రంగు కూడా తేడా తెస్తుంది. రోజూ గూటి దగ్గరికి ఒకే తరహా బట్టలు వేసుకు వెళ్లేవాళ్లు రేసు రోజు కొత్త మెరిసే చొక్కాతో, టోపీతో నిలబడితే పావురం తటపటాయిస్తుంది. గొడుగులు, ఆరేసిన దుప్పట్లు, కొత్తగా ఆపిన బండి, ఇంటి కుక్క, ఇవన్నీ అంతే. గూట్లో ఉన్నప్పుడు మెల్లగా కదలండి, చేతి మీద నుంచి వేరుశెనగ ముక్కలు తినడం అలవాటు చేయండి. చేతిని చూసి దగ్గరికి వచ్చే పావురం బోర్డు మీద ఆగదు.

రోజూ చక్కగా వెళ్తాయి, రేసు రోజు మాత్రం తిప్పలు. ఎందుకిలా?

ఎందుకంటే రేసు రోజున అన్నీ వేరుగా ఉంటాయి. రోజూ గుంపుగా వాలతాయి, రేసులో ఒక్కటే వస్తుంది. తోడు లేని పావురం లోపలికి వెళ్లడానికి వెనకాడుతుంది. రోజూ ఒకే వేళకు మేత, రేసులో ఏ మిట్టమధ్యాహ్నమో వస్తుంది. రోజూ మీరొక్కరే ఉంటారు, ఆ రోజు స్నేహితులంతా వాకిట్లో కుర్చీలు వేసుకుని, ఫోన్లు పట్టుకుని ఉంటారు. మీరు కూడా టెన్షన్‌తో అటూ ఇటూ తిరుగుతుంటారు. పక్షి అది గమనిస్తుంది.

దీనికి విరుగుడు ముందే అలవాటు చేయడం. శిక్షణలో భాగంగా 5, 10, 20, 40 కిలోమీటర్ల దూరాలకు తీసుకెళ్లి వదులుతాం కదా, అందులో కొన్నిసార్లు గుంపుగా కాక ఒక్కొక్కటిగా, కొన్ని నిమిషాల తేడాతో వదలండి. తిరిగొచ్చే వేళలు మార్చండి, ఉదయం ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి. ప్రతిసారీ వచ్చిన వెంటనే పిలిచి కొంచెం ఇష్టమైన మేత పెట్టండి. ఇంట్లోవాళ్లు ఒకరిద్దరిని అక్కడ కూర్చోబెట్టండి, వాళ్ల ఉనికి అలవాటవుతుంది. శిక్షణ దూరాల వల్ల దారి తెలుస్తుందన్నది అందరికీ తెలిసిందే. నా దృష్టిలో మాత్రం లోపలికి వెళ్లే అలవాటును పరీక్షించుకునే అవకాశంగా అవి ఇంకా విలువైనవి. ఒక నోటుపుస్తకంలో వాలిన సమయం, యాంటెన్నా చదివిన సమయం పక్కపక్కన రాసుకోండి. ఏ పక్షి ఎంత తాత్సారం చేస్తోందో కళ్లముందే ఉంటుంది.

యాంటెన్నా పలకను రేసుకు ముందు రోజు కొత్తగా బిగించడం పెద్ద పొరపాటు. కాలికింద కొత్త పలక, పక్కన బీప్ శబ్దం, పావురానికి రెండూ అనుమానమే. సీజన్‌కు చాలా ముందే దాన్ని పెట్టేసి, రోజూ దాని మీదుగానే నడిచేలా చేయండి. పలక మీద కాలు మోపకుండా దూకేసే పక్షులు కొన్ని ఉంటాయి. లోపలికొచ్చినా చిప్ నమోదు కాదు. దారిని ఇరుకు చేసి, ఒకసారి ఒకే పావురం నడిచి వెళ్లేలా సందులు అమర్చితే ఆ ఇబ్బంది ఉండదు.

డేగ వెంటపడిన తర్వాత గుంపు మొత్తం బెదిరిపోయింది. ఏం చేయాలి?

కొన్ని రోజులు బయటికి వదలకండి. డేగలకు వేట దొరికిన చోటికి మళ్లీ అదే వేళకు వచ్చే అలవాటు ఉంటుంది కాబట్టి వదిలే వేళ మార్చండి. మళ్లీ వదిలిన మొదటి రోజుల్లో కొద్దిసేపే ఎగరనిచ్చి త్వరగా పిలవండి. దెబ్బతిన్న పక్షి ఉంటే పూర్తిగా మానేదాకా లోపలే ఉండాలి. బెదిరిన గుంపు కప్పు మీద వాలకుండా పదేపదే చక్కర్లు కొడుతుంటే, ఓపికగా కూర్చుని ఎదురుచూడటం తప్ప వేరే మార్గం లేదు.

గూటిలోనే ఏదైనా తప్పు ఉండొచ్చా?

తప్పకుండా. లోపల సుఖంగా లేనిదే పావురం లోపలికి తొందరపడదు. ఎర్ర పేలు పట్టిన గూటిని పావురాలు ఇష్టపడవు. ఆ పేలు పగలు చెక్కల సందుల్లో దాక్కుని రాత్రి పక్షుల రక్తం పీలుస్తాయి. పగలు చూస్తే ఏమీ కనబడదు కాబట్టి చీకటి పడ్డాక టార్చి వేసి చెక్కల అంచులు చూడండి. గాలి ఆడక రెట్ట వాసన ఘాటుగా ఉన్నా అంతే. మీరు గూట్లో తలపెట్టగానే ముక్కు మండితే అక్కడే రాత్రంతా ఉండే పక్షి సంగతి చెప్పక్కర్లేదు.

ఇరుకు కూడా కారణమే. ప్రతి పావురానికి తనదంటూ ఒక అర ఉండాలి. ఆ అరను వేరే పక్షి ఆక్రమిస్తుందేమో అన్న ఆత్రం కూడా దాన్ని లోపలికి లాగుతుంది. కొన్ని గూళ్లలో ట్రాప్ లోపలి వైపే ఒక కోపిష్టి పోతు కాపు వేసి వచ్చినదాన్నల్లా పొడుస్తుంటుంది. అలాంటి దానికి వేరే గది చూపించండి.

ఇక ఆరోగ్యం. చురుగ్గా ఉండే పక్షి హఠాత్తుగా మందకొడిగా లోపలికి వస్తోందంటే దాన్ని అలవాటు తప్పుగా అనుకుని ఆకలితో శిక్షించకండి. గొంతులో పసుపు పుండ్లు, తడి రెట్ట, ముక్కు చీమిడి, బరువు తగ్గడం చూడండి. గొంతు పుండ్లు, పొట్టలో పురుగులు, కాక్సిడియా అనే పేగుల్లోని పరాన్నజీవులు, శ్వాస జబ్బులు పావురాల్లో మామూలుగా వచ్చేవే. పశువైద్యుడికి రెట్ట నమూనా చూపించి, ఏ జబ్బో తెలిశాకే మందు వాడాలి. ఊహించి మందులు పోయడం మంచిది కాదు.

జత, గుడ్లు, పిల్లలు ఉన్న పావురం త్వరగా లోపలికి వెళ్తుందా?

వెళ్తుంది. కొన్ని రోజులుగా గుడ్లు పొదుగుతున్న పెట్ట, చిన్న పిల్ల ఉన్న తల్లి ట్రాప్ దగ్గర క్షణం ఆగవు. బెల్జియంలో పేరు తెచ్చుకున్న విడోహుడ్ పద్ధతి కూడా ఈ ఆరాటం మీదే ఆధారపడింది. వారమంతా పోతును జతకు దూరంగా ఉంచుతారు, రేసుకు పంపే ముందు కాసేపు చూపిస్తారు, తిరిగొచ్చాక కలుపుతారు. అరలో పెట్ట ఎదురుచూస్తుంటుందని పోతుకు తెలుసు. అయితే వచ్చిన ప్రతిసారీ పెట్ట అక్కడ ఉండి తీరాలి. ఖాళీ అరలోకి రెండు మూడు సార్లు వచ్చిన పోతు తర్వాత నెమ్మదిస్తుంది.

గుడ్డు పెట్టబోయే పెట్టను మాత్రం ఎక్కడికీ పంపకండి, పక్షికి అది చాలా ప్రమాదం.

వేరే వాళ్ల దగ్గర కొన్న పెద్ద పావురాలకు మా గూడు నేర్పొచ్చా?

ఎగిరిన అనుభవం ఉన్న పావురాన్ని వదిలితే దాదాపు ఖాయంగా తన పాత గూటికే పోతుంది. దానికి అదే ఇల్లు. వాటిని లోపలే ఉంచి పిల్లలు తీయించుకోండి, రేసుకు ఆ పిల్లలను తయారు చేయండి. కొనేది రేసు కోసమే అయితే అప్పుడే వేరు చేసిన, ఇంకా బయట ఎగరని పిల్లలను తీసుకోండి.

వేరే గూటి పావురం మా వాటితో కలిసి వచ్చి కూర్చుంది. మావి కూడా దిగడం లేదు.

మామూలుగా పిలవండి, చాలాసార్లు అదీ వాటి వెంట లోపలికి వస్తుంది. నీళ్లు, కాస్త మేత పెట్టి, రింగు మీది అక్షరాలు, అంకెలు చూసి యజమాని ఉన్న క్లబ్బుకో సంఘానికో తెలియజేయండి. ఒక రోజు విశ్రాంతి తీసుకున్నాక చాలా పక్షులు తామే వెళ్లిపోతాయి. దాన్ని మీ గుంపుతో కలిపి ఉంచకండి, జబ్బులు అంటుకునే అవకాశం ఉంది.

ఒక పావురం రేసు నుంచి ఆలస్యంగా, బాగా అలిసిపోయి వచ్చి బోర్డు మీదే కూర్చుండిపోయింది. తోసి లోపలికి పంపొచ్చా?

వద్దు. ఆ రేసులో దాని స్థానం ఎప్పుడో పోయింది, ఇప్పుడు చేసేది తర్వాతి రేసుల మీద ప్రభావం చూపుతుంది. మీరు వెనక్కి జరిగి, లోపల నీళ్ల చప్పుడు వినిపించేలా గిన్నె నింపండి, మెల్లగా పిలవండి. నడిచి లోపలికి వెళ్లేదాకా ఆగండి. లోపలికి వెళ్లాక గోరువెచ్చని నీళ్లలో ఎలక్ట్రోలైట్ కలిపి పెట్టండి, తేలిగ్గా అరిగే చిన్న గింజలు కొద్దిగా వేయండి, తన అరలో ఎవరూ కదిలించకుండా పడుకోనివ్వండి. రెక్కల కింద, రొమ్ము మీద గాయాలేమైనా ఉన్నాయేమో చీకటి పడ్డాక చూడండి. ఒంటి బరువు తిరిగి వచ్చేదాకా, రెట్ట మళ్లీ గట్టిపడేదాకా రేసుకు పెట్టొద్దు. కోలుకున్నాక మొదట ఇంటి చుట్టూ ఎగరనిచ్చి, తర్వాత దగ్గరి దూరాల నుంచి మళ్లీ మొదలుపెట్టండి.